రాకాసిగుళ్ళు – గోదావరి ఇసుకతిన్నె

మాఘమాసం వచ్చేసరికి గోదావరి చిక్కిపోతుంది. వర్షాకాలంలో ఆవలి వొడ్డు సరిగా కనిపించకుండా పారే నది, మణుగూరు, పినపాక ప్రాంతంలో రెండు మూడు పాయలుగా చీలి, మధ్యలో తెల్లటి ఇసుకతిన్నెల్ని వదిలిపెడుతుంది. వొడ్డు వెంట అడవి. ఆ అడవి ప్రాంతంలోనే జానంపేట దగ్గర బండరాళ్ళతో కట్టిన పురాతన సమాధులు గుంపులు గుంపులుగా వున్నాయి. జనం వాటిని రాకాసిగుళ్ళు అంటారు. గడచిన మాఘంలో ఒక ఆదివారం, పదకొండుమంది విద్యార్థులతో కలిసి నేను ఈ రెండూ చూసివచ్చాను. తెల్లవారకముందే కొత్తగూడెంలో బస్సు ఎక్కాం. చీకటిపడ్డాక తిరిగివచ్చాం.

ఈ వ్యాసం యాత్రావర్ణన కాదు. బయలుదేరే ముందురోజు విద్యార్థుల్లో ఒకడు నల్లబల్లమీద ప్రకటన రాశాడు: "రేపు రాకాసిగుళ్ళు, నిర్జన గోదావరీ తీరం." దాన్ని నేనూ చదివాను, దిద్దలేదు. తిరిగివచ్చిన తరవాత ఆ ప్రకటనలోని రెండు మాటలూ తప్పని తేలింది. గుళ్ళు రాకాసులవి కావు. తీరం నిర్జనమూ కాదు. ఈ తప్పులు ఆ కుర్రవాడివి కావు. అతనికి చదువు చెప్పిన నావి, నాకు చదువు చెప్పిన పుస్తకాలవి. ఈ రెండు మాటలూ ఎలా పుట్టాయి, ఎవరికి పనికివచ్చాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు రాళ్ళ సంగతి చూద్దాం.

జానంపేట సమాధుల కట్టుబడి చూడటానికి చాలా సరళం. నాలుగు పక్కలా పలకరాళ్ళు నిలువుగా పాతి, పైన ఒకే పెద్ద బండను కప్పుగా వేశారు. చుట్టూ గుండ్రాళ్ళను వలయంగా పేర్చారు. కొన్నింటి లోపల రాతితో తొలిచిన తొట్టెలు వున్నాయి. చచ్చినవారి అస్థికలకోసం చేసినవి అవి. తెలంగాణాలో తవ్విన ఇటువంటి సమాధుల్లో ఇనుప పనిముట్లు, ఆయుధాలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు దొరికాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు వీటిని బృహత్ శిలాయుగపు కట్టడాలని పిలుస్తారు. ఇనుము వాడకం తెలిసిన జనం క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్దిలో కట్టినవి. అంటే శాతవాహన రాజులు శాసనాలు చెక్కించకముందే, నేలకొండపల్లిలో బౌద్ధస్తూపం లేవకముందే, ఈ అడవుల్లో మనుషులు కూడి రాళ్ళు మోశారు.

విద్యార్థుల్లో లెక్కలు చదివే అమ్మాయి వుంది. ఆమె వొక ప్రశ్న వేసింది: "సార్, ఈ కప్పురాయి ఎత్తడానికి ఎంతమంది కావాలి?" అక్కడే నేలమీద కూర్చుని లెక్కవేశాం. మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, నలభై సెంటీమీటర్ల మందం వున్న ఇసుకరాతి పలకను తీసుకుందాం. ఘనమీటరుకు రెండుంబావు టన్నులకు పైచిలుకు చొప్పున అది సుమారు అయిదున్నర టన్నులు తూగుతుంది. దుంగలమీద దొర్లిస్తూ లాగినా, బరువులో మూడోవంతు బలమైనా కావాలనుకుందాం. మనిషి ఒక్కొక్కడు యాభై కిలోల బలంతో లాగుతాడనుకుంటే ముప్పై ఆరు, ముప్పై ఏడుమంది ఒక్క తాడుమీద పడాలి. ఇది చదునునేలమీద లాగటానికే. రాతిని పొరనుంచి విడదీయటం, అంచులు చెక్కటం, మట్టి గట్టువేసి పైకి ఎక్కించటం వేరు. ఆ రోజుల్లో వాళ్ళందరికీ తిండి పెట్టినవాళ్ళు వేరు. తాళ్ళు పేనినవాళ్ళు వేరు. తిండి వండినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు చాలావరకూ ఆడవాళ్ళే అయివుంటారు. ఒక్క కప్పురాయి వెనక ఒక వూరు వుంది.

ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా వెయ్యగలరు. అయినా మన సమాజం ఆ వూరిని చూడలేకపోయింది. "రాకాసులు కట్టారు" అన్నది. రాయి పెద్దది, మనిషి చిన్నవాడు, కనక మనిషికంటె పెద్దవాడెవరో కట్టివుండాలి. ఈ తర్కంలో లోపం ఒక్కటే. మనిషిని ఒంటరిగా వూహించుకుంటుంది. పదిమంది ఒక్కటై చేసే పని ఏమిటో ఎరగనివాడికే రాకాసి అవసరమవుతాడు. కొన్నిచోట్ల రాకాసులకు బదులు పాండవులు కట్టారంటారు. అదీ ఇదీ ఒకటే. పేరులేనివాడి పని పేరున్నవాడి ఖాతాలో పడటమే.

పల్లెజనం రాకాసులన్నారు సరే. చదువుకున్నవాళ్ళు ఏమన్నారు? పందొమ్మిదో శతాబ్దం నడిమికాలంలో నైజాం రాజ్యంలో పనిచేసిన మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు అధికారి షోరాపూరు ప్రాంతంలో ఇటువంటి సమాధుల్ని శ్రద్ధగా చూశాడు, తవ్వించాడు, బొమ్మలు వేశాడు. ఆయన పట్టుదలను మనం గౌరవించాలి. కాని 1862లో ఆయన అచ్చువేసిన వ్యాసం పేరులోనే ఈ కట్టడాలు కెల్టులవో, డ్రూయిడ్లవో, సిథియనులవో అన్న మాట వుంది. తమ దేశంలో ఇటువంటి రాళ్ళు చూసినవాడికి ఆ పోలిక తోచడం సహజమే. అయితే పోలిక కనిపించగానే కట్టినవాణ్ణి బయటినుంచి తీసుకురావలసివచ్చింది.

గోదావరి వొడ్డు విషయంలో ఇది మరీ విచిత్రంగా నడిచింది. జానంపేటకు ఎగువన మల్లూరు, కాటాపూరు ప్రాంతాల్లో సమాధుల దగ్గర శిలువ ఆకారంలో చెక్కిన ఏకశిలలు వున్నాయి. 1868లో మల్హెరన్ అనే అధికారి వీటిని లోకానికి తెలియజేశాడు. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ అన్ని దేశాల రాతి కట్టడాలమీద రాసిన పెద్ద పుస్తకంలో వీటిని చర్చించాడు. ఫెర్గుసన్ సామాన్యుడు కాదు. భారతీయ వాస్తుశిల్పానికి క్రమబద్ధమైన చరిత్ర రాసినవాడు. ఆయన తేల్చినది ఏమిటంటే, శిలువ క్రైస్తవ చిహ్నం కనక ఈ రాళ్ళు నిలబెట్టినవారు క్రైస్తవులై వుండాలి. గోదావరి అడవిలో ఒకానొకప్పుడు క్రైస్తవ సమాజం వుండివుండాలి!

తరవాతి పరిశోధకులు ఆ రాళ్ళను దగ్గరగా చూశారు. శిలువలో అడ్డకొయ్య అనుకున్నవి మనిషి చేతులు. పైకొన తల. దొంగతోగు వంటి చోట్ల స్త్రీరూపం స్పష్టంగా తెలిసే శిలలు కూడా వున్నాయి. చచ్చిన మనిషి గుర్తుగా మనిషి బొమ్మనే నిలబెట్టారు. రాతిలో మనిషి నిలబడి వున్నాడు, పండితుడు అతనిలో తన మతాన్ని చూసుకున్నాడు. పల్లెటూరి మనిషి రాకాసిని చూశాడు. టేలర్ సిథియనుణ్ణి చూశాడు. ముగ్గురూ కలిసి ఒకే పని చేశారు. ఈ నేలమీద ఈ రాళ్ళు మోసిన మనుషుల్ని చెరిపివేశారు.

దొంగతోగు పేరు చెప్పాను కనక ఒక మాట. తోగు అంటే కోయమాటలో వాగు. ఈ ప్రాంతపు వూళ్ళ పేర్లలో, వాగుల పేర్లలో కోయభాష ఇంకా బతికేవుంది. మా వెంట దారి చూపడానికి వచ్చిన ముసలాయన కోయ. మా పిల్లలు ఆయన్ని తాతా అని పిలిచారు. ఒక కుర్రవాడు అడిగాడు: "తాతా, ఈ గుళ్ళు ఎవరు కట్టారంటారు మీవాళ్ళు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుని అన్నాడు: "రాకాసులు కట్టిండ్రంటరు బిడ్డా. మరి మా తాతలు సచ్చినోళ్ళకు రాయి నిలబెడుతుండిరి. ఆళ్ళు రాకాసులా?"

ఈ ఒక్క మాటలో ఒక అధ్యాయం వుంది. గోదావరి లోయలోని కోయలు, బస్తరులోని మడియాలు చచ్చినవారి గుర్తుగా నిలువురాళ్ళు పాతడం, ఆ సందర్భంలో పశువును కోసి దాని తోకను ఆ రాతికో, పక్కనే పాతిన గుంజకో కట్టడం, పందొమ్మిదో శతాబ్దంనుంచీ అనేకమంది చూసి రాశారు. అంటే రాతి కట్టడం అనే ఆచారం ఇక్కడ పుస్తకంలో లేదు, మొన్నమొన్నటిదాకా మనుషుల చేతుల్లో వుంది.

ఇక్కడ మనం తొందరపడకూడదు. జానంపేట సమాధులు కట్టినవారు సూటిగా నేటి కోయల పూర్వీకులేనని చెప్పడానికి ఇది చాలదు. రెండువేల అయిదువందల ఏళ్ళలో జనాలు కదిలారు, కలిశారు, భాషలు మార్చుకున్నారు. ఒక జాతికి ఒక కట్టడాన్ని పట్టా రాసి ఇచ్చే చరిత్ర మనది కాకూడదు. అది మరో రకం ఫెర్గుసనిజం అవుతుంది. మనం చెప్పగలిగినది ఇంతే: పెద్దరాయిని నిలబెట్టడానికి రాకాసీ అక్కరలేదు, చక్రవర్తీ అక్కరలేదు, కూడి పనిచేసే వూరు చాలు. దానికి సజీవ సాక్ష్యం ఈ అడవిలోనే వుంది.

మరో తొందరపాటు కూడా వుంది. మనలో కొందరు ఇటువంటి రాళ్ళను చూడగానే "ఆదిమ సామ్యవాదం" అని ఆనందపడతారు. లోపలికి తొంగిచూస్తే ఆ ఆనందం నిలవదు. చచ్చిన ప్రతివాడికీ ఇటువంటి సమాధి కట్టలేదు. ముప్పై ఆరుమంది ఒక్క తాడుమీద పడింది ముప్పై ఆరుమంది కోసం కాదు, ఒక్క కుటుంబం కోసమో, ఒక్క పెద్ద కోసమో. తిండికి మించిన పంట వుంటేనే అన్నిరోజులు అంతమందిని పొలంనుంచి తప్పించి రాళ్ళపనిలో పెట్టగలరు. ఆ మిగులు ఎవరి చేతిలో పోగుపడింది? ఆ పని పండుగగా సాగిందా, వెట్టిగా సాగిందా? ఇనుప గొడ్డలి అడవిని నరికి పొలం చేసిన కాలమే, మనుషులమధ్య ఎక్కువ తక్కువలు మొలకెత్తిన కాలం కూడా. జానంపేట రాళ్ళు సమష్టి శ్రమకూ సాక్ష్యమే, అసమానత్వపు తొలి అడుగులకూ సాక్ష్యమే. ఈ రెంటినీ కలిపి చదవాలి.

మధ్యాహ్నానికి నదికి చేరుకున్నాం. ఎండ చుర్రుమంటున్నా ఇసుక ఇంకా కాలడం లేదు. పిల్లలు చెప్పులు విడిచి పరిగెత్తారు. ఎటుచూసినా ఇసుక, అవతల నీలంగా పాయ, ఆ పైన అడవి. నాకూ ఒక్కక్షణం ఇది మనిషి అడుగుపెట్టని చోటు అనిపించింది. తిన్నె ఎక్కి అవతలివైపు దిగామో లేదో, పుచ్చపాదులు కనిపించాయి. ఇసుకలో గుంటలు తీసి, ఎరువు వేసి, వరసలుగా పెట్టిన పాదులు. పక్కనే చెలమ. ఒక తల్లి చెలమలోంచి కుండతో నీళ్ళు తోడి పాదులకు పోస్తున్నది. దూరాన ఇద్దరు మగవాళ్ళు వల సర్దుకుంటున్నారు. ఆమె మమ్మల్ని చూసి నవ్వి, "ఎవ్వరూ లేరనుకుని వస్తిరా సారూ?" అన్నది.

నిజంగా అలాగే అనుకుని వచ్చాం. నల్లబల్లమీద రాసుకుని మరీ వచ్చాం.

గోదావరి తీరాన్ని ఇలా నిర్జనంగా చూసినవాళ్ళలో మేము మొదటివాళ్ళం కాము. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరవాత, ఆర్థర్ కాటన్ చూపు నది ఎగువకు తిరిగింది. బీరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని గోదావరిమీద పడవల్లో సముద్రానికి తేవాలన్నది పథకం. హెయిగ్ అనే ఇంజనీరు నదిని పరిశీలించాడు. రాతిబండలు అడ్డుపడేచోట్ల ఆనకట్టలు, లాకులు, పక్కకాలవలు కట్టాలన్నారు. మొదటి అడ్డంకి భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు, ఈ పథకంమీద ఆశ పెరిగింది. మాంచెస్టరు మగ్గానికి పత్తి అందించే తాడుగా గోదావరిని వాళ్ళు చూశారు. ఆ తాడు ఏ వూళ్ళగుండా పోతుందన్నది వాళ్ళ లెక్కలోకి రాలేదు.

ఆ పథకంకోసమే 1860లో నైజాంతో ఒక ఒప్పందం జరిగింది. నదికి ఎడమవొడ్డున వున్న భూభాగం బ్రిటిషువారికి దఖలుపడింది. కుడివొడ్డు నైజాంకు మిగిలింది. అప్పటిదాకా రెండు వొడ్డులా ఒకే బంధుత్వాలతో, ఒకే భాషతో బతికిన కోయగూడేల మధ్య నది సరిహద్దయింది. అడవి జ్వరాలమధ్య, కూలీల కొరతమధ్య దుమ్ముగూడెం పనులు సాగాయి. ఈలోగా 1867లో రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. 1871లో నౌకాయానపు పనులు ఆపివేశారు. పథకం పోయింది, సరిహద్దు మిగిలింది.

సరిహద్దు కాగితంమీద గీత కాదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్యపరగణాలనుంచి తీసి మద్రాసు రాజధానిలో కలిపారు. పాలన మారింది, పోడుమీద శిస్తు పెరిగింది, కొన్నిచోట్ల పోడు కొట్టడమే నిషేధమయింది. అయిదేళ్ళు తిరగకముందే, 1879లో రంప కొండల్లో రాజుకున్న తిరుగుబాటు రేకపల్లికి పాకింది. రంపలో కల్లుపన్ను, రేకపల్లిలో పోడుశిస్తు. నిప్పు ఒకటే, పుల్లలు వేరు. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అప్పటినుంచీ, పుట్టిపెరిగిన అడవిలో కట్టె కొట్టినవాడు నేరస్థుడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళు ఈ నేరస్థుల బిడ్డలు, మనుమలు.

ఇక కుడివొడ్డు. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగాక తెలంగాణా సాయుధ పోరాటదళాలు మైదానంనుంచి గోదావరి అడవులకు తరలాయి. పాలవంచ, ఇల్లెందు ప్రాంతాల కోయగూడేలు వారికి అన్నం పెట్టాయి, దారి చూపాయి. దానికి బదులుగా ప్రభుత్వ బలగాలు గూడేల్ని ఖాళీచేయించి, ఇళ్ళు తగలబెట్టి, జనాన్ని రోడ్లపక్క శిబిరాల్లో పోగుచేశాయి. అడవి అలవాటైన మనుషులు ఆ శిబిరాల్లో రోగాలతో రాలిపోయారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఈ అడవుల్లో కొన్నిచోట్ల చింతచెట్లు, మామిడిచెట్లు గుంపుగా వుండి వూరు మాత్రం కనిపించకపోతే, "ఆహా, ఏకాంతం" అనుకునే ముందు ఈ సంగతి తలుచుకోవాలి. నిర్జనత్వం అన్నిచోట్లా ప్రకృతి ఇచ్చింది కాదు. కొన్నిచోట్ల తుపాకి ఇచ్చింది.

పుస్తక చరిత్రలో ఈ వొడ్డుకు ఒక్క గొప్ప పేరు వుంది, భద్రాచలం. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న కట్టించిన గుడి కథ తెలియని తెలుగువాడు లేడు. తానాషా కాలపు గోల్కొండ చెర, రామదాసు కీర్తనలు మనకు తరగని సంపద. కాని ఆ కథలో ఒక మాట మనం గట్టిగా పలకం. గోపన్న పాలవంచ పరగణాలో తహసీలుదారు. గుడికి ఖర్చుపెట్టింది పరగణా శిస్తుసొమ్ము. ఆ సొమ్ము సర్కారుదా, రాముడిదా అని మూడువందల ఏళ్ళకు పైగా తీరిగ్గా వాదించుకుంటున్నాం. శిస్తు కట్టిన రైతుదని మాత్రం ఎవరూ అనలేదు. గోపన్న పేరు నిలిచింది, తానాషా పేరు నిలిచింది. స్థలపురాణం దమ్మక్క అనే అడవిబిడ్డ పేరును ఒక్కదాన్ని నిలుపుకున్నది. మండపాలకు రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు లేవు. జానంపేటలో అసలు ఏ పేరూ లేదు కనక రాకాసిని పిలిచాం. భద్రాచలంలో పేర్లు వున్నాయి కనక రాకాసి అక్కరలేకపోయింది. రెండుచోట్లా శ్రమ చేసినవాడి గతి ఒక్కటే.

ఇది పాతకథ అయితే ఒక ఆదివారం విహారంతో సరిపెట్టుకోవచ్చు. ఇది పాతకథ కాదు.

జానంపేట వున్న పినపాక, మణుగూరు ప్రాంతం ఇవాళ బొగ్గుగనుల ప్రాంతం. 1080 మెగావాట్ల భద్రాద్రి తాపవిద్యుత్ కేంద్రం 2022 నాటికి నాలుగు యూనిట్లతోనూ పూర్తయి ఇక్కడే నిలబడివుంది. దుమ్ముగూడెం దగ్గర సీతమ్మసాగర్ బరాజు తలపెట్టారు. అది పూర్తయి నీళ్ళు నిలిస్తే ఎగువనున్న ఇసుకతిన్నెలు నీటికిందికి పోతాయి, వాటితో పాటు చెలమలు, పుచ్చపాదులూ పోతాయి. ఆ తల్లికి నదిగర్భంలోని పాదులకు పట్టా లేదు. పట్టా లేనిదానికి నష్టపరిహారం లేదు. కాగితంమీద చూస్తే అక్కడ ఎవరూ లేరు. చూశారా, "నిర్జనం" అన్న మాట ఇప్పుడు కవిత్వంలోంచి దస్త్రంలోకి నడిచివచ్చింది!

ఇసుక సంగతీ అంతే. షెడ్యూల్డు ప్రాంతంలో ఇసుక రేవులు గిరిజన సహకార సంఘాల పేరుమీద నడుస్తాయి. రేవులో యంత్రం ఎవరిది, లారీ ఎవరిది, హైదరాబాదు గోడకు చేరేసరికి ఇసుక ధర ఎంత, అందులో సంఘం సభ్యుడి చేతికి వచ్చింది ఎంత అన్నది ఏ ఆర్థికశాస్త్ర విద్యార్థి అయినా ఒక వేసవిలో తేల్చగల విషయం. తేల్చాలని నా కోరిక.

దిగువకు పోతే ఇదే కథ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. శబరి గోదావరిలో కలిసే కూనవరం, దాని ఇరుగుపొరుగు వరరామచంద్రపురం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు ప్రాంతాలు పోలవరం జలాశయపు ముంపులో వున్నాయి. జలాశయపు పూర్తి మట్టం 150 అడుగులు. కదలవలసిన కుటుంబాలు సర్కారు లెక్కలప్రకారమే సుమారు లక్ష. వారిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. 2014లో ఖమ్మం జిల్లానుంచి ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశులో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణాలో మిగిలింది. 1860లో పడవలకోసం గీసిన గీత, 2014లో జలాశయంకోసం గీసిన గీత ఒకే నేలను రెండుసార్లు కోశాయి. రెండుసార్లూ గూడేన్ని ఎవరూ అడగలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తరవాత అంత ఎత్తు నీళ్ళు అదే. కూనవరం, వేలేరుపాడు ప్రాంతాల జనం కొండగుట్టలెక్కి రోజులు గడిపారు.

ఆ వేలేరుపాడు మండలంలోనే గోదావరి వొడ్డున రుద్రమ్మకోట వుంది. అక్కడ కూడా బృహత్ శిలాయుగపు సమాధులు వున్నాయి. జలాశయం ముంచెత్తకముందే పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. మంచిపనే. చచ్చినవారి కుండలను జాగ్రత్తగా ఎత్తి, సంఖ్య వేసి, ప్రదర్శనశాలకు తరలించాలన్న బుద్ధి మనకు వుంది. బతికివున్నవారి కుండలను ఎక్కడికి, ఏ భూమికి, ఏ హక్కుతో తరలిస్తున్నామన్న విషయంలోనూ అంతే జాగ్రత్త వుండవద్దా? సమాధిలో దొరికిన గొడ్డలికి చట్టరక్షణ వుంది. గొడ్డలి పట్టుకు తిరిగే మనిషికి 1970 నాటి భూబదలాయింపు నిబంధన, 2006 నాటి అటవీహక్కుల చట్టం వున్నా, వాటిని అమలు జరిపించుకోవడానికి ఇంకా పోరాడవలసివస్తున్నది.

దీన్నిబట్టి జలాశయాలూ విద్యుత్తూ వద్దని నేను అనడం లేదు. డెల్టా రైతుకు నీరు కావాలి, పల్లెకు దీపం కావాలి. అడవిని అద్దాలపెట్టెలో పెట్టి కోయవాణ్ణి విల్లంబులతో నిలబెట్టాలనుకోవడం మన పంథా కాదు. మా దారి చూపిన తాత మనుమడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, చదవాలి. ప్రశ్న ప్రగతి కావాలా వద్దా అన్నది కాదు. ప్రగతి తాడు లాగే ముప్పై ఆరుమందికి ఆ కట్టడంలో చోటు వుందా లేదా అన్నది. జానంపేటలో లేచిన ప్రశ్నే పోలవరంలోనూ లేస్తున్నది.

డి. డి. కోశాంబి 1956లో అచ్చయిన తన భారతచరిత్ర గ్రంథంలోనూ, తరవాతి వ్యాసాల్లోనూ మనకు నేర్పిన పాఠం ఒకటి వుంది. ఈ దేశంలో పాతయుగం పూర్తిగా చావదు. కొత్తయుగం పక్కనే, కూడలిలో రాయిగానో, జాతరలో మొక్కుగానో బతికివుంటుంది. అందువల్ల చరిత్రకారుడు గ్రంథాలయంతో పాటు కాళ్ళను కూడా వాడుకోవాలి. ఆయన పూనా పరిసరాల్లో నడిచి నడిచి చరిత్ర రాశాడు. మన తెలుగులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించి, రాజుల పట్టికకు బదులు జనం తిన్నదీ కట్టినదీ చరిత్రకు ఆధారమని చూపించారు. ఈ ఇద్దరి దారీ కలిసేచోట మన కళాశాలల చరిత్రశాఖలు నిలబడాలి.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక బస్సు చార్జీ, ఒక కొలతల టేపు, ఒక నోటుపుస్తకం చాలు. రాకాసిగుళ్ళు వున్న ప్రతివూరికీ దగ్గరలో ఒక పాఠశాల వుంది. ఎన్ని సమాధులు వున్నాయి, ఎన్ని కప్పురాళ్ళు పగిలాయి, నిధులకోసం ఎవరైనా తవ్వారా అన్నది పిల్లలే లెక్కకట్టి ఏటేటా రాసిపెట్టవచ్చు. అదే పుస్తకంలో రెండోవైపు, నదిలో పాదులు పెట్టుకునేవారెందరు, వల వేసేవారెందరు, ఏ తోగు నీళ్ళు ఎవరు తాగుతున్నారు అన్నది కూడా రాయాలి. మొదటివైపు రాసి రెండోవైపు రాయకపోతే మనదీ ఫెర్గుసన్ చరిత్రే అవుతుంది. దస్త్రంలో "ఇక్కడ ఎవరూ లేరు" అని రాసే రోజు వస్తే, "వున్నారు, ఇదుగో" అని చూపడానికి ఆ నోటుపుస్తకం పనికివస్తుంది.

సాయంత్రం తిరుగుదారిలో ఆ తల్లి పిల్లలకు రెండు లేత పుచ్చపిందెలు ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. "పంటకాలానికి రాండ్రి, కాయలు తిందురు" అన్నది. పంటకాలానికి తిన్నె వుంటుందా అని ఏ విద్యార్థీ అడగలేదు. అందరి మనసులోనూ ఆ ప్రశ్న వుందని మాత్రం తెలుస్తూనే వుంది.

సోమవారం పొద్దున్న నేను తరగతిగదికి వెళ్ళేసరికి నల్లబల్లమీది ప్రకటన ఇంకా చెరపలేదు. కాని ఎవరో దిద్దారు. "రాకాసి" అన్న మాటమీద అడ్డగీత కొట్టి "ముప్పై ఆరుమంది" అని రాశారు. "నిర్జన" అన్న మాటను పూర్తిగా కొట్టివేశారు. దాని స్థానంలో ఏమీ రాయలేదు. ఆ ఖాళీలో పేర్లు రాయవలసినవాళ్ళం మనమే.